ఎగువ వదిన, దిగువ వదిన

ఫిబ్రవరి 11
చేపల సంఘం ఆఫీసు

వదినగారికి,

మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన పిల్లల పెళ్ళయిన ఈ ఎనిమిది నెలల్లో మీకు నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేయొచ్చుగా అనుకుంటారేమో. పడవ ఇంజను పక్కన కూర్చుని కూర్చుని నా కుడి చెవి పోయింది, ఎడమది పోయే దారిలో ఉంది. మొన్న మీ అమ్మాయి ఫోన్ చేసి “ఊరెళ్తున్నాం అత్తయ్యా” అంటే నేను “కూర తెస్తున్నాం” అని విని గిన్నెలు కడిగి ఎదురుచూశాను. అందుకని రాతే నయం.

విషయానికొస్తాను. మొన్నటి సమావేశం సంగతి. ఈ నది మీద బతికే సంఘాలన్నీ ఒక హాల్లో కూర్చోవడం నాకు తెలిసి అదే మొదటిసారి. మీ కొండవాలు రైతులు, నడుమ కాలువ సంఘం, చివర మా చేపల సంఘం, పిలిచినవాళ్ళు టౌన్ నీటి సరఫరా ఆఫీసువాళ్ళు. అందరం కలిసి ఒక ఉమ్మడి మండలి పెట్టుకుందామని కదా పిలిచారు. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, “నది సముద్రంలో కలిసే మొగ పూడిపోతోంది, ఆ మట్టంతా పైనుంచే వస్తోంది, కొండ మీద దున్నడం ఆపితే తప్ప మాకు బతుకు లేదు” అన్నాను. అన్న మరుక్షణం మీరు సంచి తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. వెళ్ళొస్తానని ఒక్క మాట కూడా చెప్పలేదు.

వియ్యపురాలిగా నాకది చిన్నతనమనిపించింది. అయినా వియ్యం మర్యాద వేరు, సంఘం పని వేరు. నేనన్న మాట వెనక్కి తీసుకోలేను. అన్న తీరు మిమ్మల్ని నొప్పించి ఉంటే మాత్రం మన్నించండి.

అబ్బాయీ కోడలూ టౌన్లో బాగానే ఉన్నారు. మోటార్ల రిపేరు షాపు బాగా నడుస్తోందట.

మీ వియ్యపురాలు


ఫిబ్రవరి 19
నర్సరీ షెడ్డు నుంచి

వదినగారూ,

మీ ఉత్తరం అందింది. నేను లేచి వెళ్ళింది మీ మాటకు కాదు, బస్సుకు. కొండకొచ్చే ఆఖరి బస్సు నాలుగున్నరకే. అది తప్పితే ఆ రాత్రి టౌన్లో అమ్మాయి వాళ్ళింట్లో పడుకోవాలి. ఇక్కడ నారుకు నీళ్ళు పెట్టే దిక్కులేదు, మీ అన్నయ్యగారికి ఆ ధ్యాసే ఉండదు. మీరేమన్నారో నేను అసలు వినలేదు. హాల్లో ఆ ఫ్యాను చప్పుడుకు నా పక్కనున్నాయన దగ్గు కూడా నాకు వినిపించలేదు.

ఇప్పుడు మీ ఉత్తరం చదివాక మాత్రం నిజంగానే కోపం వచ్చింది.

దున్నడం ఆపాలన్నారు. ఆపి ఏం తినాలో అదీ చెప్పాల్సింది. మేం సరదాకి ఆ వాలు ఎక్కామనుకుంటున్నారా? మా మామగారి రోజుల్లో మాకు ఊట కింద చదును నేల ఉండేది. వాలు మీద అప్పుడు అడవే. కాలువ తవ్వేటప్పుడు పనివాళ్ళ గుడారాలకూ మిషన్లకూ ఆ నేల కావాలన్నారు. పని కాగానే ఇచ్చేస్తామన్నారు. కాలువ పూర్తయింది, గుడారాలు పోయాయి, నేల మాత్రం కాలువ సంఘం పేరు మీదే ఉండిపోయింది. ఇప్పుడక్కడ తుప్పు పట్టిన రోలరొకటి, మనిషి ఎత్తు పిచ్చిమొక్కలు. మొదట మామగారు పైకి జరిగారు, తరువాత మేం ఇంకా పైకి జరిగాం. నిలబడి దున్నితే కాలు జారే చోట దుంపలు వేస్తున్నాం. వాన పడ్డప్పుడల్లా నా నేల నా కళ్ళముందే జారిపోతుంటే నాకు బాధ ఉండదా? మీకు మట్టి చేరిందని కష్టం, మాకు మట్టి పోయిందని కష్టం.

ఒకసారి వచ్చి చూడండి. చూశాక ఏమన్నా పడతాను.

ఈ ఏడు వేప నారు బాగా వచ్చింది. సీతాఫలానికి మాత్రం ఏదో పురుగు పట్టింది.

ఉంటాను,
మీ వదిన


మార్చి 15

వదినగారికి,

మీ ఉత్తరం మా సంఘం మీటింగులో చదివి వినిపించాను. ఇంటి ఉత్తరం నలుగురిలో చదివానని తప్పు పట్టకండి, కోపం చూపించిన నాలుగు ముక్కలూ వదిలేసే చదివాను. ఆ చదును నేల సంగతి మా వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఇన్నాళ్ళూ కొండవాళ్ళు అడవి నరికేశారన్న మాటే తప్ప ఎందుకు నరికారని అడిగినవాళ్ళం కాదు.

ఇక మా సంగతి వినండి. నేను కాపురానికొచ్చినప్పుడు మొగ దగ్గర పడవ తోసే గెడ వేస్తే అడుగు తగిలేది కాదు. సముద్రపు నీళ్ళు లోపలికొచ్చేవి, వాటితో చేప పిల్లలు వచ్చేవి, మొగ లోపలి కయ్య నీళ్ళలో పెరిగి మళ్ళీ వెళ్ళేవి. ఇప్పుడు అదే చోట ఆడవాళ్ళు చీర తడవకుండా నడిచి దాటుతున్నారు. అవతల ఇసుక, ఇవతల మీ బురద, రెండూ కలిసి తలుపు వేసేశాయి. పడవలు సగం ఒడ్డునే ఉన్నాయి. మీ అన్నయ్యగారైతే పడవను బోర్లించి దాని నీడలో పడుకుంటున్నారు. వలలు బాగుచేస్తున్నానంటారు. చిరిగితే కదా బాగుచేయడానికి.

అందుకే ఒక మాట నిష్ఠూరంగా అడగాల్సి వస్తోంది. పోయిన వారం అబ్బాయి మీ ఇంటికి వచ్చి వెళ్ళాడు కదా. “అమ్మా, అత్తయ్యగారి వాళ్ళు ఊట పైన ఇంకో వాలు కూడా తవ్వేస్తున్నారే. ఇరవై మంది దాకా పలుగులు పట్టుకుని పొడుగునా తవ్వుతున్నారు” అని చెప్పాడు. ఒకపక్క మండలిలో కూర్చుని మాట్లాడుతూ మరోపక్క కొత్త వాలు తవ్వడం ఏం పద్ధతి వదినగారూ? మా సంఘంలో ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబితే మండలి మాట అక్కడితో సరి.

మీ
వియ్యపురాలు


మార్చి 27

వదినగారూ,

అల్లుడుగారు మా ఇంట్లో టీ తాగి, మా నర్సరీ మోటారు ఉచితంగా బాగుచేసి, చల్లగా వెళ్ళి మీ చెవిలో ఈ మాట ఊదారన్నమాట. మోటార్ల గురించి ఆయన చెబితే వింటాను. నేల గురించి మాత్రం వినను.

మేం తవ్వుతున్నవి కందకాలు. వాలుకు అడ్డంగా, జానెడు ఎత్తు తేడా రాకుండా, పొడుగునా తవ్వుతున్నాం. వాన నీళ్ళు పరుగెత్తకుండా అందులో ఆగి ఇంకుతాయి. కందకం గట్టు మీద గడ్డి దుబ్బులు నాటితే మట్టి అక్కడే చిక్కుకుంటుంది. అంటే మీ మొగ కోసమే తవ్వుతున్నాం, దున్నడానికి కాదు. అల్లుడుగారు ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. అత్తగారిని అడగడానికి మొహమాటపడ్డారేమో.

ఇరవై మందిని పోగేయడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ప్రతి కందకానికీ ఒక సాలు నేల పోతుంది, ఎవరు ఇష్టపడతారు? మా మరిది పొలం సరిగ్గా ఊట నెత్తి మీద ఉంది. అందరికంటే ఏటవాలు అదే, అందరికంటే ఎక్కువ మట్టి జారేదీ అక్కడే. ముందు అతనే ఒప్పుకోవాలి. “వదినా, మీ వియ్యాలవారి కోసం నా పొట్ట కొడతావా” అన్నాడు. ఆ మాటన్న రోజు నుంచీ మాటల్లేవు. ఒకే పెరడు మాది. బట్టలారేసుకోవడానికి వచ్చినా మొహం అటు తిప్పుకుంటాడు.

కందకాలు సగం పనే. ఆ ఏటవాలు పూర్తిగా వదిలేయాలి. వదలాలంటే కాలువ సంఘం మా చదును నేల మాకు తిరిగి ఇవ్వాలి. మండలిలో మాకు కావలసింది అదొక్కటే. నేనడిగితే కాలువ పెద్దాయన నీళ్ళు నములుతున్నాడు. మీరూ ఒక మాట వేయండి.

వదిన


మే 20

వదినగారికి,

అబ్బాయిని నాలుగు దులిపాను. “కందకమో సాలో నాకేం తెలుసు, తవ్వుతున్నారు కాబట్టి తవ్వుతున్నారన్నాను” అన్నాడు. అదీ నిజమే. తప్పు నాది, వినగానే నమ్మాను.

కాలువ పెద్దాయనతో మాట్లాడాను. మనిషి చెడ్డవాడు కాదు. తూము దగ్గర నిలబడి ఏ పొలానికి నీళ్ళు అందాయో, ఏ పొలానికి అందలేదో చూస్తూ జీవితమంతా గడిపాడు. తన కాలువ కింది రైతు తప్ప ఇంకెవరూ ఆయన లెక్కలోకి రారు. మాకూ ఆయనతో ఒక పాత పేచీ ఉంది. ఎండాకాలంలో కాలువలోకి మళ్ళించే నీళ్ళలో కొంత నదిలోకి వదిలితే మొగ తెరుచుకుని ఉంటుందని మేం ఏళ్ళ తరబడి అడుగుతున్నాం. ఒక్క ఏడాది కూడా వదల్లేదు.

వచ్చే నెల మండలి కూర్చుంటుందట. మీ నేలా, మా నీళ్ళూ రెండూ అడుగుదాం. మీరు తప్పకుండా రండి. ఈసారి బస్సు సంగతి ముందే చెబుతున్నాను, రాత్రికి అమ్మాయి ఇంట్లోనే పడుకుందాం ఇద్దరం. ఒకే గది, నా గురక మీకు తప్పదు.

మీ వియ్యపురాలు


జూలై 4

వదినగారికి,

ఈ ఉత్తరం వేరే రకంగా రాయాలనుకున్నాను. చేతకాలేదు.

మండలి సమావేశానికి నేను రాలేకపోయిన సంగతి మీకు తెలుసు. రెండు రోజుల ముసురుకు మా దారి కొట్టుకుపోయింది. నర్సరీలో మూడు మళ్ళ నారు బురద కింద పడింది. కందకాలు తవ్వినచోట మట్టి నిలిచింది, తవ్వనిచోట పోయింది. మా మరిది పొలంలో ఒక ముక్క ఊట మీదికే జారి, వారం రోజులు బురద నీళ్ళు వడకట్టుకుని తాగాం.

ఆ బురదలో నిలబడి ఉండగా అమ్మాయి ఫోన్ వచ్చింది. “అమ్మా, మండలిలో కాలువ సంఘానికీ అత్తయ్య వాళ్ళ సంఘానికీ ఒప్పందం కుదిరిందట. ఇద్దరూ సంతకాలు పెట్టారు” అంది. మా సంఘం పేరు ఎత్తారా అని అడిగాను. తెలియదంది. ఫోన్ పెట్టేశాను.

నేను రాలేని రోజు చూసుకుని మీ నీళ్ళు మీరు తెచ్చుకున్నారు. సంఘం పెద్దగా మీరు చేసింది సరైనదే కావచ్చు. వియ్యం వేరు, సంఘం వేరని మొదటి ఉత్తరంలోనే రాశారు. అర్థం చేసుకోకపోవడం నా తెలివితక్కువ. మీ కోసం తవ్విన కందకాల దగ్గరికి రేపు మా వాళ్ళను ఏ మొహంతో రమ్మనను?

పిల్లల మంచిచెడ్డలకు ఎప్పటిలాగే కలుద్దాం. నది గురించి మాత్రం ఇక నాకు రాయొద్దు.


జూలై 12

వదినగారికి,

రాయొద్దన్నారు. ఇదొక్కటీ చదివి ఆపేయండి.

కాలువ పెద్దాయన ఆ రోజు ఇలా అన్నాడు: “ఒకే మీటింగులో నీళ్ళూ నేలా రెండూ వదులుకోమంటే నా సభ్యులు నన్ను దింపేస్తారమ్మా. ఏదో ఒకటి అడగండి, నేను ఒప్పిస్తాను. ఏదన్నది మీరే తేల్చుకోండి.” మీరు లేరు. ఫోన్ చేయిస్తే మీ దగ్గర లైను లేదు. మా వాళ్ళను పక్క గదిలోకి తీసుకెళ్ళాను. నీళ్ళు తీసుకుంటే ఈ ఏడాది మొగ తెరుచుకుంటుంది, కానీ వచ్చే వానకు మళ్ళీ మట్టి వస్తుంది. మట్టి ఆగాలంటే నేల ఇవ్వాల్సింది పైవాళ్ళకి. ఇదే చెప్పాను. గంటకు పైగా అరుచుకున్నాం. చివరికి సగం మంది తలూపారు, సగం మంది లేచిపోయారు.

ఒప్పందం మీ చదును నేల మీకు ఇవ్వడానికి. మా నీళ్ళ మాట వచ్చే ఏడాదికి వాయిదా వేసుకున్నాం.

మొన్న సంఘం ఎన్నికల్లో నేను ఓడిపోయాను. కొత్త అధ్యక్షుడు కుర్రవాడు, చురుకైనవాడు. మీ అన్నయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఉప్పు ఎక్కడుందని అడిగారు.

మీ ఉత్తరం మా అబ్బాయికి చూపించలేదు. కోడలికి తెలిస్తే తన ఫోన్ వల్లే ఇదంతా జరిగిందని బాధపడుతుంది.


ఆగస్టు 30

వదినగారూ,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. నన్ను నాలుగు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. మీరు అలా మామూలుగా రాసేసరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మన్నించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

నేల చేతికొచ్చింది. కాలువ పెద్దాయన స్వయంగా వచ్చి హద్దులు చూపించాడు. ఆ రోలరును లాగడానికి రెండు ట్రాక్టర్లు కావలసి వచ్చాయి. తొమ్మిది కుటుంబాలు ఏటవాలు వదిలి కిందికి దిగుతున్నాయి. మా మరిదికీ వాటా ఉంది కానీ అతను కదలడం లేదు. “ఆ చేపలవాళ్ళు మనకేదో దానం చేసినట్టు, మనం దిగిపోవాలా? నది చివర ఏం మునిగిపోయిందో ఎవరు చూశారు” అంటున్నాడట. నాతో కాదు, వాళ్ళావిడతో. ఊట నెత్తిన అతనొక్కడు దున్నితే చాలు, మిగతా అందరం చేసిందీ వృథా.

మీ మొగ మూసుకుపోయే ఉందని అమ్మాయి చెప్పింది. ఇది విన్నాక మా సంఘంలో ఒక మాట అనుకున్నాం. వానలు తగ్గాక మా వాళ్ళు పలుగూ పారా పట్టుకుని మీ దగ్గరికి వస్తారు. తవ్వడం మాకు బాగా వచ్చు. కాలువ పెద్దాయనను కూడా అడిగాను. “కోతలయ్యాక ఒక్కరోజైతే కాలువకు నీళ్ళు ఆపగలను, చూద్దాం” అన్నాడు. చూద్దామంటే ఆయన భాషలో సరే అనే అంటున్నారు మా వాళ్ళు.

మీ వదిన


నవంబరు 24

వదినగారికి,

మీ కాలు ఎలా ఉంది? కందకంలో జారి పడ్డారని విని ముందు భయపడ్డాను, కట్టు వేశారని, ఎముక అతుకుతుందని తెలిసి కుదుటపడ్డాను. మీరు రాలేకపోయారు కాబట్టి ఇక్కడ జరిగింది పూసగుచ్చినట్టు రాస్తాను.

మీ వాళ్ళు రెండు బస్సుల్లో దిగారు. ముప్ఫై మందికి పైనే. సగం మంది సముద్రం చూడటం అదే మొదలట. దిగిన పావుగంట సేపు ఎవరూ పలుగు ముట్టుకోలేదు, ఊరికే నిలబడి చూశారు. మీ మరిదిగారు కూడా వచ్చారు. నేను పోల్చుకోలేదు. నల్లగా, పొడుగ్గా, ఎవరితోనూ కలవకుండా ఒక పక్కగా ఉన్నాయన ఎవరని అమ్మాయిని అడిగితే, “బాబాయి అత్తయ్యా, రానన్నాడు, బస్సు కదిలేటప్పుడు ఎక్కాడు” అంది.

మా కొత్త అధ్యక్షుడు ముగ్గు పోసి గీత గీశాడు. మీ వాళ్ళు ఇటునుంచి, మా వాళ్ళు అటునుంచి మొదలుపెట్టారు. మొదట్లో ఎవరి గుంపు వాళ్ళదే. మా వాళ్ళకి పార పట్టడం రాదని మీ వాళ్ళు నవ్వారు, తడి ఇసుకలో నిలబడటం రాదని మా వాళ్ళు నవ్వారు. మధ్యాహ్నానికి కలిసిపోయారు. కాలువ పెద్దాయన ముందు రోజు సాయంత్రమే తూములన్నీ మూయించాడు. నది నీళ్ళు నదిలోనే వదిలాడు. నీళ్ళు వచ్చి మా వెనక చేరుతుంటే, మేం ముందు తవ్వుతున్నాం. ఆయనా వచ్చాడు. గట్టు మీద కుర్చీ వేసుకుని, “లోతు చాలదు, లోతు చాలదు” అని అందరి ప్రాణాలూ తీశాడు.

మూడు గంటలప్పుడు సన్నగా నీళ్ళు దారి పట్టాయి. ఆ తరువాత మేం చేసిందేమీ లేదు. నీళ్ళే గట్లు కోసుకుంటూ వెడల్పు చేసుకుని వెళ్ళిపోయాయి. ఒకతని పార కూడా కొట్టుకుపోయింది. సముద్రానికి పోటు వచ్చేసరికి ఉప్పునీళ్ళు లోపలికొచ్చాయి. మా అత్తగారి వయసు ఆడవాళ్ళు ఏడ్చారు. నేను ఏడవలేదు, నాకు వంట పని ఉంది.

ఒక సంగతి చెప్పాలి. అందరూ భోజనాలకు కూర్చుంటే మీ మరిదిగారు కనిపించలేదు. వెతుకుతూ వెళ్ళాను. తవ్విపోసిన గుట్ట దగ్గర కూర్చుని ఆ మట్టి చేత్తో నలుపుతున్నారు. పైది ఇసుక, కింద అంతా నల్లటి మెత్తటి మట్టి. నేను వెళ్ళి నిలబడితే తలెత్తి అడిగారు.

“ఇది ఎంత లోతుంటుందమ్మా?”

“మా పడవలు తిరిగిన చోటంతా ఇదేనండీ. గెడ దించితే సగం దిగిపోతుంది” అన్నాను.

“దీంట్లో ఏదైనా పండుతుందా?”

“ఉప్పు పట్టేసింది కదండీ. గడ్డి కూడా మొలవదు.”

లేచారు. చెయ్యి మాత్రం కడుక్కోలేదు, అలాగే భోజనానికి వచ్చారు.

కొత్త అధ్యక్షుడు నన్ను మండలిలో మా సంఘం తరఫున కూర్చోమన్నాడు. సరేనన్నాను. మీ అన్నయ్యగారు పడవ తిరగేశారు, అడుగున రెండు చోట్ల పగుళ్ళు. వచ్చే వారం నీళ్ళలోకి దించుతారు.

మీ వియ్యపురాలు


డిసెంబరు 9

వదినగారూ,

కాలు కట్టుతోనే రాస్తున్నాను, చిన్న ఉత్తరం.

మీ దగ్గర్నుంచి వచ్చాక మా మరిది నాలుగు రోజులు పొలం ముఖమే చూడలేదు. అయిదో రోజు పొద్దున్న నేను పెరట్లో కుర్చీలో కూర్చుని ఉంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తొమ్మిది నెలల తరువాత నాతో మాట్లాడిన మొదటి మాట ఇది:

“వదినా, అక్కడున్నదంతా మా నాన్న దున్నిన మట్టి.”

కూర్చోమన్నాను. కూర్చోలేదు. గడ్డి దుబ్బులు ఎన్ని ఉన్నాయని అడిగాడు. ఉన్నవన్నీ తీసుకోమన్నాను. “చాలవు” అన్నాడు. “ఊట పైనంతా పరుస్తాను. కింద నా వాటా ఎక్కడో చూపించు.”

నేను నడవలేను కదా. మీ అన్నయ్యగారు చూపించడానికి వెళ్ళారు. ఇద్దరూ ఇంకా రాలేదు, అన్నం చల్లారిపోతోంది.

మీ వదిన